కంచయు కాపరియు

మా మరిపెడ ప్రాంతమున సాగుచేయక పచ్చికకు విడిచిన నేలను కంచ యందురు. నేలచుట్టు పాతిన ముండ్లతీగను కంచె యందురు. ఈ రెండు మాటలకును ఒక్క ఎత్వమంత భేదము. ఆ భేదమును గుర్తింపలేక మేము నాలుగు సంవత్సరములు పొరపడితిమి. ఆ పొరపాటువలన ఒక చూడిగొర్రె ప్రాణము పోయినది. ఒక ఒర్రె గట్టు చెడినది. మా తండ్రిగారినాటి నుండి వచ్చిన యిరుగుపొరుగు స్నేహము తెగిపోయినంత పనియైనది. చదువుకొన్నవారము, ఊరికి మేలు చేయవలెనను కోరిక గలవారము, చేసిన పని యిది. దీనిని దాచుటకంటె చెప్పుటయే మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఓరుగల్లునుండి ఖమ్మము పోవు మార్గమున మరిపెడ యున్నది. బస్సులు నిలుచు కూడలిని నేటికిని బంగ్లా యనియే పిలుతురు. చిరకాలము వరంగల్లు జిల్లాలోనిదైన యీ ఊరు 2016 అక్టోబరు 11నుండి మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఆకేరు వాగు ఈ ప్రాంతముగుండ ప్రవహించి, ఖమ్మము జిల్లాలోని తీర్థాలవద్ద మున్నేటిలో కలియును. మున్నేరు కృష్ణలో కలియును. ఎఱ్ఱచెలకలు మెండు. ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. ఊళ్ళలో గొల్ల కురుమల వాడలును, చుట్టును లంబాడీ తండాలును కలవు. పూర్వము లంబాడీలు ఎద్దులపై ధాన్యమును, ఉప్పును వేసికొని దేశదేశములు తిరిగిన వర్తకులు. నేటికిని ఆషాఢమున వారు చేయు సీత్లా భవాని పండుగ పశువుల క్షేమముకొఱకే. పచ్చికయు పశువును వారికి బ్రదుకుతెరువు మాత్రమే కాదు, భక్తి కూడను.

మా తండ్రిగారినుండి మాకు సంక్రమించిన కంచ పదునాలుగు ఎకరములు. దాని దిగువ నొక ఒర్రె పాఱి ఆకేటిలో కలియును. మా తండ్రిగారి కాలమున ఆ కంచలో గొల్లల మందలును, తండావారి ఆవులును మేయుచుండెడివి. అందుకు ప్రతిగా పంట తీసిన పిదప గొల్లలు మా చెలకలలో మంద పెట్టెడివారు. రాత్రియంతయు గొర్రెలు పండుకొన్న చోట పడిన పెంటయు మూత్రమును మరుసటి యేటి పంటకు బలము. మంద పెట్టినందులకు మా యింటినుండి వారికి గింజలు కొలిచెడివారు. దీనికి కాగితము లేదు, సాక్షి లేదు. ఒకరి నేల, ఒకరి మంద. రెండింటిని కలిపి నడిపినది మాట.

ఆ మాట మా చేతిలోనికి వచ్చునప్పటికి కాలము మాఱినది. ఊరుమ్మడిగా నుండిన బంచరాయి నేలలు కొన్ని పట్టాలయ్యెను, కొన్ని యిండ్ల స్థలములయ్యెను. బోరుబావులు వచ్చినవెనుక అనేక చెలకలు ఏడాది పొడవున పంటక్రిందనే యుండసాగెను. మందకు దిగుటకు ఖాళీ దొరకదయ్యెను. ఇంతలో 2017 జూనునుండి తెలంగాణ ప్రభుత్వము గొర్రెల పంపిణీ పథకమును నడపినది. ఇరువది గొర్రెలను, ఒక పొట్టేలును కలిపి యొక్కొక్క కుటుంబమునకు నూటికి డెబ్బదియైదు వంతుల రాయితీపై ఇచ్చిరి. 2019 పశుగణనలో తెలంగాణమున గొర్రెలు 1 కోటి 91 లక్షలుగా లెక్కకు వచ్చెను. 2012లో అవి 1 కోటి 28 లక్షలు. దేశమున ఈ లెక్కలో మన రాష్ట్రమే మొదటిది. గొర్రెలు పెరుగవచ్చును, నేల పెరుగునది కాదు. ఆ మందలు ఎక్కడ మేయవలెను? పరుల పట్టా నేలలోనే.

మేము 2016 వేసవిలో కంచచుట్టు రాతి కడీలు పాతించి, ముండ్లతీగ నాలుగు వరుసలు లాగించితిమి. ఒర్రె వైపున జేసీబీ యంత్రముతో గట్టును చెక్కించి కందకము త్రవ్వించితిమి. మా ఉద్దేశము మంచిదే. పచ్చిక తరిగిపోవుచున్నది, ఒర్రె పూడుకొనిపోవుచున్నది, మేపు అధికమగుటయే దీనికి కారణమని పుస్తకములలో చదివితిమి. కాపరిని బయటికి పంపినచో గడ్డి తనంతట తాను బాగుపడునని తలంచితిమి. ఆ నేలలో ముప్పది నలువది యేండ్లుగా నడచిన కాపరిని ఒక్క మాటయైనను అడుగవలెనని తోచలేదు. గొల్లవానికి గొర్రెలు తెలియునుగాని గడ్డి సంగతి మనకే తెలియునని మన చదువు మనకు నేర్పినది. ఈ గర్వమును మేము ఆనాడు విజ్ఞానమనుకొంటిమి.

మొదటి యేడు గడ్డి మోకాలిని దాటి పెరిగెను. వచ్చిన చుట్టములను తీసికొనిపోయి చూపించితిమి, ఫొటోలు తీయించితిమి. ఆ సంవత్సరమే మాఘమాసమున ఒక ఉదయము తీగలో చిక్కుకొని కడుపు చీలిన చూడిగొర్రె కనబడెను. దాని ప్రక్కన పండ్రెండేండ్ల బాలుడు కూర్చుండి యేడ్చుచుండెను. వాని తాతను పిలిపించి నష్టము ఇచ్చెదమంటిమి. ఆ వృద్ధుడు గొంగడి సవరించుకొని, “పైసలు వద్దు సారు. మీ నాయిన మందను తోలుమన్నడు, మీరు తోలొద్దన్నరు. గంతే,” అని గొర్రెను భుజమున వేసికొని పోయెను. డబ్బు తీసికొని యుండినచో మాకు సుఖముగా నుండెడిది.

రెండవ యేడు పాతగడ్డి ఎండి మీద కప్పుకొనెను. దానిక్రింద చిగురు వెలుతురు లేక పాలిపోయెను. మూడవ వేసవిలో ఎవరి బీడీనిప్పో తెలియదు, కంచ అంటుకొనెను. పూర్వము కంచలో పొగ లేచినచో పొలిమేరలోని కాపరులందఱు పచ్చికొమ్మలు విఱుచుకొని పరుగెత్తి వచ్చెడివారు. ఆనాడు తీగకు అవతల నిలువబడి చూచిరి. వారిని నిందింపజాలము. లోపలికి రాకుడని చెప్పినది మేమే గదా. సాయంకాలమునకు పదునాలుగు ఎకరములును మసియైనవి.

ఆ మసినుండి వానలకు మొదట లేచినది గడ్డి కాదు, సర్కారుతుమ్మ. అమెరికా ఖండపు ఈ ముండ్లచెట్టును పందొమ్మిదవ శతాబ్దమున కడప ప్రాంతమునకు తెచ్చి నాటిరి. వంటచెఱకునకు పనికివచ్చునని తెచ్చినది పచ్చికనేలలకు శత్రువైనది. దాని కాయలు తీయగా నుండును. మేకలు, పశువులు వానిని తిని, అరుగని గింజలను పెంటతోపాటు చల్లుకొనుచు పోవును. తీగ గండ్లలో దూరిన మేకలవలననో, వాననీటివలననో గింజలు లోపల చేరియుండెను. మొలకలు పుట్టినప్పుడు గమనించి పెఱికెడి కాపరి లేడు.

తీగకు అవతల జరిగినది ఇంకను ఘోరము. కంచలో చోటులేని మందలన్నియు కంచకును ఒర్రెకును నడుమనున్న సన్నని పట్టీలో క్రిక్కిఱిసినవి. నీటికి అక్కడనే దిగుట, అక్కడనే నిలుచుట, గట్టున నున్న గరికను మొదలంట కొఱుకుట. రెండు వానకాలములలో గట్టు విఱిగి ఒర్రెలో పడెను. మడుగులు ఇసుకతో నిండెను. పూర్వము ఫాల్గుణమువఱకు నీరూరు చెలిమె సంక్రాంతికే ఎండిపోయెను. లోపల నేలను కాపాడుచున్నామని మేమనుకొన్నంతకాలము వెలుపలి నీటిని చంపుచుంటిమి.

ఇక్కడ గడ్డి స్వభావమును కొంచెము చెప్పవలయును. గడ్డికి కనబడు ఆకుకంటె కనబడని వేరు ముఖ్యము. ఆకును పశువు కొఱికినచో మొక్క తన మొదటిలోను వేరులోను దాచుకొన్న బలమును ఖర్చుపెట్టి క్రొత్త ఆకు వేయును. ఆ ఆకు విచ్చుకొని తిరిగి బలము కూర్చుకొనుటకు కొన్ని దినములు కావలెను. ఆలోపల మరల కొఱికినచో వేరు చిక్కును. మరల మరల కొఱికినచో తుదకు చచ్చును. బహువార్షికమగు మంచిగడ్డి చచ్చినచోట వానకు మొలచి వానతో పోవు అల్పపు గడ్డియు, కలుపును వచ్చును. వేరు పోయిన నేల మీద వాన పడినచో మన్ను పొరగట్టును. నీరింకదు, మన్నును వెంటబెట్టుకొని పరుగెత్తును. ఒర్రె పొంగుటకును, ఒర్రె ఎండుటకును మూలమొక్కటే. ఫ్రాన్సు దేశమున ఆంద్రే వాజాన్ అను విద్వాంసుడు 1957లో ప్రకటించిన గ్రంథమున, గడ్డికి చెఱుపు చేయునది పశువుల సంఖ్యకంటె అవి యొక్కచోట నిలుచు కాలమే యని వాదించెను. అనగా మేపు నేరము కాదు. విరామము లేని మేపు నేరము. విరామము ఎవరి చేతిలో నున్నది? మంద నడపువాని చేతిలో.

ఈ మాటను మాకు తెలియజెప్పినది వాజాన్ గారి పుస్తకము కాదు. ఆ గొర్రెల తాతయే. 2020 వేసవిలో మేము సిగ్గు విడిచి వాని మందవద్దకు పోయితిమి. రాత్రి మంద చుట్టు వల కట్టి, మంచము వేసికొని పండుకొనియుండెను. “తాతా, కంచ పాడైపోయినది. ఏమి చేయవలెనో చెప్పుము,” అని యడిగితిమి. చాలసేపు మాటాడలేదు. పిదప ఇట్లనెను: “సారూ, రేపు రానిస్తరో లేదో తెల్వని గడ్డిని ఎవడన్న ఇడిసిపెడ్తడా? ఇయ్యాల్నే మొదలుదాక మేపుతడు. వచ్చే యేడు గూడ ఈ గడ్డి మాదే అని మాటియ్యుండ్రి. మేమే కాపలుంటం.”

ఒక గ్రంథమంత సంగతి ఆ మాటలో నున్నది. కాపరి గడ్డిని మొదలంట మేపుట అజ్ఞానమువలన కాదు. రేపటి నమ్మకము లేకపోవుటవలన. నమ్మకమును తీసివేసినవారము మేము. అజ్ఞానమను పేరు మాత్రము వానికి పెట్టితిమి.

ఇది మా యింట మాత్రమే జరిగిన తప్పు కాదు. మహాత్మా జోతిరావు ఫూలే 1883లో రైతుల దుఃఖమునుగూర్చి వ్రాసిన గ్రంథమున, కొండలను, లోయలను, పచ్చికబయళ్ళను అటవీశాఖ ఆక్రమించి పేదల మేకలకు గాలి పీల్చుటకైనను చోటు లేకుండ చేసినదని వాపోయెను. ఆ గ్రంథముననే గట్లు, అడ్డుకట్టలు వేసి వాననీటిని నేలలో నింకజేయవలెననియు చెప్పెను. గడ్డినిగూర్చి, నీటినిగూర్చి, కాపరినిగూర్చి ఒక్కచోటనే ఆలోచించిన సంస్కర్త ఆయన. మన పల్నాటిలో 1921–22లో అడవిలో పశువులను మేపుకొనుటకు కట్టవలసిన పుల్లరి పన్నును నిరాకరించి రైతులు సత్యాగ్రహము చేసిరి. దానికి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ కథను పిల్లలకు చెప్పునప్పుడు మేము కన్నీరు పెట్టుకొందుము. ఆ మేమే మా కంచచుట్టు ముండ్లతీగ లాగితిమి. దొరతనము పరులదైనప్పుడు అన్యాయము కనబడినంత స్పష్టముగా మనదైనప్పుడు కనబడదు.

తాత మాట విన్న వారమునకు మేము కాపరులందఱిని మా యింటికి రమ్మని కబురంపితిమి. పదునేడుగురు వచ్చిరి. మేము అరుగుమీద కుర్చీలో కూర్చుంటిమి. వారు వాకిట నిలువబడిరి. మేము చెప్పినదానికెల్ల “మంచిది సారు” అనిరి. ఒక్కరును ఒక్క ప్రశ్న వేయలేదు. సభ చక్కగా జరిగినదని మేము సంతోషించితిమి. మా యింటి యిల్లాలు లోపలినుండి వచ్చి, “వారు ఒప్పుకొనలేదు, భయపడిరి,” అనెను. ఆమె మాట నిజము. మరుసటినాడు ఒక్కరును రాలేదు.

రెండవమారు మేమే ఒర్రె గట్టున వేపచెట్టుక్రిందికి పోయి అందఱితో నేలమీద కూర్చుంటిమి. అప్పుడు మాటలు వచ్చినవి, తగవులును వచ్చినవి. గొల్లలకు మేకలు గల తండావారిమీద కోపము. తండావారికి వలసమందలమీద కోపము. అందఱికిని మామీద కోపము. చెప్పనిచ్చితిమి. చీకటిపడునప్పటికి ఒక లంబాడీ తల్లి గడ్డిమోపు దింపి నిలువబడి, “మందలున్నోళ్ళ మాటలే అయినయి. ఒక్క బర్రె ఉన్నదాని మాట యేంది సారూ?” అని యడిగెను. పశువును మేపుటకు మనిషి లేక కొడవలితో గడ్డికోసి మోసికొనిపోవు స్త్రీలు ఆ ఊళ్ళలో ఎందఱో కలరు. మా లెక్కలో వారు లేరు. మందల పెద్దల లెక్కలోను లేరు. ఏ గడ్డిని బర్రె యిష్టపడునో, ఏది పాలు పెంచునో, ఏది ఎన్నడు గింజ రాల్చునో ఆమెకు తెలిసినంత ఆ సభలో ఎవరికిని తెలియదని పిదప గ్రహించితిమి.

ఏడు సభలైన పిదప కుదిరిన కట్టుబాటు ఇది. కంచ మూడు భాగములు. మృగశిరనుండి హస్తవఱకు, గడ్డి చిగిర్చి గింజ కట్టునంతకాలము, ఏటికొక భాగము పూర్తిగా బందు. తక్కిన రెండు భాగములలో పక్షమున కొకటి చొప్పున మార్చి మార్చి మేపవలెను. బందుచేసిన భాగమున గింజ రాలినవెనుక మొదట కొడవలి స్త్రీలు కోసికొందురు. ఆ తరువాతనే మంద దిగవలెను. ఒర్రె గట్టు మృగశిరనుండి సంక్రాంతివఱకు బందు. పశువులు నీరు త్రాగుటకు ఒక్కచోట బండలు పఱచిన రేవు ఉండును. ప్రతి వేసవియందును ఇంటికొక మనిషి నాలుగు దినములు వచ్చి సర్కారుతుమ్మను కాయ కాయకముందే వేళ్ళతో త్రవ్వవలెను. ఆ కట్టె వారిదే. వాననీరు కోసిన కాలువలకడ్డముగా రాళ్ళు పేర్చవలెను. మేము మా వంతుగా రెండు వైపుల తీగ తీసివేయవలెను. మా చెలకలలో మంద పెట్టినందులకు పూర్వాచారము ప్రకారము గింజలో, వాని ధరయో ఇయ్యవలెను. అన్నిటికంటె ముఖ్యముగా పది యేండ్లవఱకు ఈ మాట మార్పరాదు. తప్పినవారికి జరిమానా; ఆ సొమ్ము రేవు మరమ్మతుకు.

ఈ కట్టుబాటును మొదట తప్పినది యెవరో చెప్పిన చదువరులు నవ్వుదురు. మా యింటి బఱ్ఱెలే. మా పాలేరు ఒక సాయంకాలము వానిని బందుచేసిన భాగములోనికి తోలెను. మా కంచలో మా బఱ్ఱెలకేమి అడ్డమని వాని తలంపు. నిజమునకు మా మనస్సులోను ఆ తలంపు ఏమూలనో యుండినది. వేపచెట్టుక్రింద అందఱియెదుట జరిమానా కట్టితిమి. సొమ్ము స్వల్పమే, కాని కట్టుబాటునకు ప్రాణము వచ్చినది ఆనాడే. అంతవఱకు అది మేము వారికి పెట్టిన నియమము. ఆనాటినుండి అందఱిది.

ఇట్టి పనులు ఇతరచోట్లను జరిగియున్నవి. హరియాణాలో శివాలికు కొండలక్రిందనున్న సుఖోమాజ్రి గ్రామము ప్రసిద్ధము. చండీగఢు నగరపు సుఖ్నా సరస్సు పూడికతో నిండుచుండగా, ఆ మన్ను ఎక్కడినుండి వచ్చుచున్నదని వెదకి పి. ఆర్. మిశ్రా గారు 1970ల దశకమున ఆ కొండలకు పోయిరి. మేపు మానుడని చెప్పినచో గ్రామస్థులు వినలేదు. చిన్న కట్టలు కట్టి, నిలిచిన నీటిలో భూమిలేని కుటుంబముతో సహా ప్రతి యింటికిని సమానమైన భాగము నిచ్చినపిదప, వారే కొండలను కాచుకొనిరి, గడ్డి పెరిగెను, పూడిక తగ్గెను. దూరదేశమైన అమెరికాలో, అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రముల సరిహద్దున, వేలకొలది ఎకరములుగల పశుపాలకులు 1994లో మాల్పాయి బార్డర్‌లాండ్స్ గ్రూపు అను సంఘముగా నేర్పడి, ఇంచుమించు ఎనిమిది లక్షల ఎకరములయందు పచ్చికను కాపాడ పూనుకొనిరి. వారిలో ‘గడ్డిబ్యాంకు’ అను పద్ధతి యొకటి కలదు. కఱవుకాలమున ఒకడు తన నేలకు విశ్రాంతి నిచ్చి, పశువులను మఱియొకచోటి పచ్చికకు తోలుకొనవచ్చును. అందుకు మారుగా తన నేలను ముక్కలుచేసి ఇండ్లకు అమ్మనని వ్రాసియియ్యవలెను. వారు ధనికులైన భూస్వాములు. మా తాతకు మందతప్ప సెంటు భూమి లేదు. అయినను రెండుచోట్లను సూత్రమొక్కటే. గడ్డిని కాచువానికి ఆ గడ్డిలో వాటా యుండవలెను.

నాలుగేండ్లలో మా కంచ నందనవనమైనదని చెప్పము. తుమ్మ యింకను మొలచుచునే యున్నది. ఒక భాగమున గట్టినేలలో గడ్డి సరిగా పట్టలేదు. కాని నిప్పు మరల రాలేదు. ఒకమారు పొగ లేవగా ఎనిమిదిమంది పరుగెత్తి వచ్చిరి. గట్టున గరిక, తుంగ, వావిలి లేచినవి. చెలిమె 2023లో శివరాత్రి దాటువఱకు తడిగా నుండినది.

అంతలో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల మహావర్షము వచ్చినది. ఆకేరు పొంగి పురుషోత్తమాయగూడెమువద్ద వంతెనను ముంచెను. సీతారాం తండా జలమయమయ్యెను. కేసముద్రము ప్రాంతమున రైలుపట్టాలక్రింది కట్ట కొట్టుకొనిపోయెను. దిగువను మున్నేరు ఖమ్మము పట్టణపు పేటలలో జొచ్చెను. మనుష్యులు పోయిరి, పశువులు పోయినవి, మిరపనారు పోయినది. ఇట్టి వరదను పదునాలుగు ఎకరముల గడ్డి ఆపునని చెప్పువాడు అబద్ధమాడుచున్నాడు. ఆపలేదు. మా ఒర్రెయు ఆకేటి వెనుకటి పోటుతో నిండి కంచలోనికి వచ్చెను.

నీరు తీసినపిదప తాతయు మేమును పోయి చూచితిమి. తుంగయు వావిలియు పట్టిన గట్టు ఇసుకతో కప్పబడి, వంగి, నిలిచియే యున్నది. 2016లో మేము యంత్రముతో చెక్కించిన చోట గట్టు కందకముతో సహా కూలిపోయినది. ఒర్రె వైపున మిగిలియుండిన తీగయు కడీలును జాడలేవు. తాత చాలసేపు చూచి, “తీగె పోయింది సారు. మల్ల కడ్తరా?” అనెను. కట్టమంటిమి.

2025 మృగశిరకు ఒర్రె గట్టును కాచుటకు తీగ లేదు. మాట మాత్రమే యున్నది. ఆ వానకాలమున ఇద్దరు తప్పిరి. ఇద్దరును జరిమానా కట్టిరి. తీగ యున్న నాలుగేండ్లలో తీగ తెగగొట్టినవారిని ఒక్కనినైనను మేము పట్టుకొనలేకపోయితిమి.

ఇక మాకున్న భయమును చెప్పి ముగింతుము. మా కంచ మార్గమునకు దూరము కాదు. మా తమ్మునికిని, హైదరాబాదులోనున్న పిల్లలకును అది ఇండ్లస్థలములుగా కనబడుచున్నది. వారి లెక్క తప్పని చెప్పలేము; గడ్డి ఇచ్చు ఆదాయమును ఆ ధరతో పోల్చుటయే హాస్యము. హైదరాబాదునందలి కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములనుగూర్చి 2025లో గొప్ప వివాదము లేచి, ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము చెట్లు కొట్టుటను నిలిపివేసిన సంగతి అందఱెఱిగినదే. ఆ ఊరిపేరులోని కంచ యను మాటను పలికినవారిలో ఒకప్పుడచ్చట పశువులు మేసెనని తలంచినవారెందఱు? మేము కాపరులకిచ్చిన మాట 2030వఱకు ఉన్నది. అంతవఱకు అమ్మమని మా వారితో చెప్పితిమి. ఆ తరువాతి మాట మా చేతిలో నుండునో లేదో. అందుచేత ఈ యేడు ఆ కట్టుబాటును కాగితముపై వ్రాయించి, మా పిల్లలను వేపచెట్టుక్రిందికి పిలిచి, వారిచేతను కాపరులచేతను సంతకములు పెట్టింపదలచితిమి. కాగితము మాటకంటె గొప్పదని కాదు. ఎవరికి మాట యిచ్చితిమో వారి ముఖమును మా పిల్లలు ఒక్కమారైనను చూడవలెనని.

ఈ పత్రికను చదువు గృహస్థులలో పట్టణమున నుండి పల్లెలో బీడునేల గలవారు అనేకులుందురు. దానిని కాపాడవలెనను కోరిక మీకు కలిగినప్పుడు, తీగ బేరమాడుటకు ముందు ఒక సాయంకాలము ఆ నేలకు పొండు. అక్కడ ఎవరి మంద మేయుచున్నదో చూడుడు. గడ్డికోయు స్త్రీ యెవరో అడుగుడు. వారితో నేలమీద కూర్చుండుడు. మేము నాలుగేండ్లు ఆలస్యముగా పోయితిమి. మీరు ముందే పోవచ్చును.